పతకం, పింఛను కాగితం



జనవరి నెల రాగానే మనకు సంక్రాంతి గుర్తుకొస్తుంది. వాకిట్లో ముగ్గులు, ఇంట్లో సకినాలు. ఆ పండుగ రోజుల్లోనే సికింద్రాబాదులో ఇంకో వేడుక జరుగుతుంది. జనవరి 14న సైన్యం వారు మాజీ సైనికులను పిలిచి సన్మానం చేస్తారు. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లను కూడా పిలుస్తారు. వాళ్లను సైన్యంలో 'వీర నారి' అంటారు.

జనవరి 14నే ఎందుకు? దానికి ఒక కారణం ఉంది. మన దేశ సైన్యానికి మొదటి భారతీయ సేనాధిపతి కరియప్ప గారు. అంతకు ముందు ఆ పదవిలో తెల్లవాళ్లే ఉండేవారు. 1949 జనవరి 15న కరియప్ప గారు ఆ పదవిలోకి వచ్చారు. 1953 జనవరి 14న పదవి విరమించారు. ఆయన మాజీ సైనికుడైన రోజునే మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. ఇది 2016లో మొదలయింది.

ఈ పాఠంలో రెండు సంగతులు తెలుసుకుందాం. ఒకటి, సైనికునికి సన్మానం ఎలా జరుగుతుంది? రెండు, సన్మానం అయిపోయి ఇంటికి వచ్చాక ఆ ఇంటి ఆడమనిషి చేతిలో ఏ కాగితాలు ఉండాలి?

లష్కర్ అంటే ఏమిటి?

సికింద్రాబాదును పెద్దవాళ్లు 'లష్కర్' అంటారు. లష్కర్ అంటే సైన్యం, సైన్యం దిగిన చోటు. ఈ ఊరు పుట్టిందే సైన్యం కోసం. నిజాం నవాబు ఇచ్చిన జాగాలో ఇంగ్లీషు వాళ్ల పటాలాలు గుడారాలు వేసుకున్నాయి. 1806లో ఆ చోటుకు సికిందర్ జా నవాబు పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు.

మన లష్కర్ బోనాల కథలో కూడా సైన్యం ఉంది. సురిటి అప్పయ్య అనే ఆయన సైన్యంలో డోలీ మోసేవారు. ఆయన పటాలంతో పాటు ఉజ్జయిని పోయారు. 1813లో ఇక్కడ కలరా వచ్చింది. జనం పిట్టల్లా రాలిపోయారు. ఊరు బాగుపడితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తామని ఆయన అక్కడ మొక్కుకున్నారు. తిరిగి వచ్చాక 1815లో చెక్క విగ్రహం చేయించి ఇక్కడ నిలిపారు. అదే ఇప్పటి ఉజ్జయిని మహంకాళి గుడి అని చెప్తారు. అంటే మనం బోనం ఎత్తే అమ్మవారిని తెచ్చింది కూడా పటాలంలో పని చేసిన ఒక మామూలు మనిషే.

ఈ రోజుకీ తిరుమలగిరి, బొల్లారం వైపు పోతే ఎటు చూసినా సైన్యమే. సైనిక ఆసుపత్రి ఉంది. వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈ.ఎం.ఇ. దళం కేంద్రం ఉంది. ఆయుధాలు, సామాన్లు అందించే ఏ.ఓ.సి. దళం కేంద్రం ఉంది. పరేడ్ గ్రౌండ్స్ దగ్గర 'వీరుల సైనిక్ స్మారక్' ఉంది. చనిపోయిన సైనికులను తలచుకుని అక్కడ పూలదండలు ఉంచుతారు.

సన్మాన విందు

సన్మానం చేసే ముందు పిలుపు కార్డు వస్తుంది. అందులో తేదీ, వేళ, చోటు రాసి ఉంటాయి. ఎలాంటి బట్టలు వేసుకుని రావాలో కూడా కొన్ని కార్డుల మీద రాస్తారు. కార్డు వచ్చినప్పుడు మొదట చూడవలసింది పేరు. మీ పేరు ఉందా? సరిగ్గా రాశారా? మీతో ఇంకెవరు రావచ్చు?

మాజీ సైనికులు తమ పతకాలను కోటు మీద ఎడమ వైపు పెట్టుకుని వస్తారు. ఎడమ వైపు గుండె ఉంటుంది కదా. చనిపోయిన సైనికుని పతకాలను నివాళి సభల్లో ఆయన ఇంటివాళ్లు పెట్టుకోవచ్చు. వాళ్లు కుడి వైపు పెట్టుకోవాలి. కుడి వైపు పతకం ఉన్న ఆడమనిషిని చూస్తే, చెప్పకుండానే సంగతి తెలిసిపోతుంది.

సభలో ముందుగా చనిపోయినవారిని తలచుకుంటారు. తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు. చివరికి అందరూ కలిసి భోంచేస్తారు.

సైన్యంలో 'బడాఖానా' అని ఒక ఆచారం ఉంది. బడాఖానా అంటే పెద్ద విందు. ఆ రోజు అధికారులు, జవాన్లు ఒకే చోట కూర్చుని ఒకే వంట తింటారు. రోజూ ఆజ్ఞ ఇచ్చేవారు, ఆజ్ఞ పాటించేవారు ఆ పూట పక్కపక్కన కూర్చుంటారు. దళం పుట్టినరోజు నాడు, ఇంకా కొన్ని ముఖ్యమైన రోజుల్లో ఇది జరుగుతుంది. అక్కడ పాత సైనికులు వస్తే చిన్నవాళ్లు లేచి చోటు ఇస్తారు.

పతకాలు గీసిన చేయి

యుద్ధంలో చూపిన ధైర్యానికి మూడు పెద్ద పతకాలు ఉన్నాయి. మొదటిది పరమ వీర చక్ర. రెండోది మహా వీర చక్ర. మూడోది వీర చక్ర. వీటిని 1950 జనవరి 26న నెలకొల్పారు. పరమ వీర చక్ర ఇప్పటివరకు 21 మందికే దక్కింది.

ఈ పతకాల బొమ్మలు ఎవరు గీశారో తెలుసా? ఒక ఆడమనిషి. ఆమె పేరు సావిత్రి ఖానోల్కర్. ఆమె పుట్టింది దూరాన ఉన్న స్విట్జర్లాండ్ దేశంలో, 1913లో. అప్పుడు ఆమె పేరు ఈవ్. ఇక్కడికి వచ్చి మన దేశపు సైనికాధికారి విక్రం ఖానోల్కర్‌ను పెళ్లి చేసుకుంది. మన భాషలు నేర్చుకుంది. పురాణాలు చదివింది.

పరమ వీర చక్రను కంచుతో చేస్తారు. దాని మీద ఇంద్రుని వజ్రాయుధం బొమ్మ ఉంటుంది. దధీచి మహర్షి కథ మీరు వినే ఉంటారు. రాక్షసుణ్ణి చంపే ఆయుధం కోసం ఆయన తన వెన్నెముకనే ఇచ్చేశారు. దానితో వజ్రాయుధం చేశారు. పది మంది కోసం ఒంట్లోని ఎముకను ఇచ్చినవాడు దధీచి. సైనికుడు చేసేది కూడా అదే అని ఆమెకు తోచింది. ఆ బొమ్మే గీసింది.

మొదటి పరమ వీర చక్ర మేజర్ సోమనాథ్ శర్మ గారికి ఇచ్చారు. ఆయన 1947 నవంబరు 3న కాశ్మీరులో చనిపోయారు. ఆయన సావిత్రి గారి కూతురికి బావ వరస. ఇంటి మనిషి పేరు మీదనే తాను గీసిన మొదటి పతకం పోయింది.

హైదరాబాదు ఇంటికి వచ్చిన ఉత్తరం

మేజర్ పద్మపాణి ఆచార్య గారిది హైదరాబాదు. ఆయన తండ్రి కూడా వాయుసేనలో పని చేసి రిటైరు అయినవారే. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. ఆచార్య గారి పటాలం తోలోలింగ్ అనే కొండ మీద పోరాడింది. అప్పుడు ఇంట్లో ఆయన భార్య చారులత గర్భవతి.

జూన్ 19న ఆయన తండ్రికి ఒక ఉత్తరం రాశారు. యుద్ధంలో చావు గురించి దిగులు పెట్టుకోవద్దని రాశారు. దేశం కోసం పోరాడటం తనకు దొరికిన గౌరవం అని రాశారు. ఇంకో మాట కూడా రాశారు. చారుకు రోజుకో మహాభారత కథ చెప్పమన్నారు. అలా చెప్తే పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు వస్తాయన్నారు.

ఆ ఉత్తరం రాసిన పది రోజులలోపే, జూన్ 28 రాత్రి జరిగిన పోరులో ఆయన చనిపోయారు. గాయాలతో కదలలేని స్థితిలో కూడా, తనను వదిలేసి ముందుకు పొమ్మని తన వాళ్లకు చెప్పారు. శత్రువుల చోటును వాళ్లు పట్టుకున్నారు. ప్రభుత్వం ఆయనకు మహా వీర చక్ర ఇచ్చింది. కొన్ని నెలలకు ఆడపిల్ల పుట్టింది. పేరు అపరాజిత. ఆమె తండ్రిని చూడలేదు. తండ్రి మాటను ఉత్తరంలో చదువుకుంది.

సూర్యాపేట తల్లి, భార్య

బిక్కుమళ్ల సంతోష్ బాబు గారిది సూర్యాపేట. చిన్నప్పుడు విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. కర్నల్ అయ్యి 16 బిహార్ పటాలాన్ని నడిపారు. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. మన సైనికులు 20 మంది చనిపోయారు. వారిలో సంతోష్ బాబు గారు ఒకరు. సికింద్రాబాదు పక్కనే ఉన్న హకీంపేట విమానాశ్రయానికి ఆయన భౌతికకాయాన్ని తెచ్చారు. అక్కణ్ణుంచి సూర్యాపేటకు తీసుకుపోయారు.

తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు ఇచ్చింది. అందులో 4 కోట్లు భార్యకు, 1 కోటి తల్లిదండ్రులకు ఇచ్చింది. ఇద్దరి కష్టాన్నీ వేరువేరుగా లెక్కలోకి తీసుకున్నారు. భార్య సంతోషి గారికి డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చారు.

2021 నవంబరు 23న ఢిల్లీలో రాష్ట్రపతి భవనంలో సభ జరిగింది. సంతోష్ బాబు గారు చేసిన పనిని చదివి వినిపించారు. అలా చదివే కాగితాన్ని ప్రశంసా పత్రం అంటారు. ఆ సేపు భార్య సంతోషి గారు, తల్లి మంజుల గారు నిలబడి విన్నారు. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ ఇద్దరి చేతికీ మహా వీర చక్ర అందించారు. కన్నతల్లి, కట్టుకున్న భార్య కలిసి అందుకున్న పతకం అది.

పెళ్లి చేసుకుంటే డబ్బు ఆగేది

ధైర్య పతకం వచ్చినవారికి ప్రతి నెలా కొంత డబ్బు కూడా వస్తుంది. 2017లో ఈ డబ్బును రెండింతలు చేశారు. పరమ వీర చక్రకు నెలకు 20,000 రూపాయలు అయింది. మహా వీర చక్రకు 10,000, వీర చక్రకు 7,000 అయింది. సైనికుడు చనిపోతే ఈ డబ్బు భార్యకు వస్తుంది.

కానీ ముందు ఒక షరతు ఉండేది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ డబ్బు ఆపేసేవారు. ఒక్క సందర్భంలోనే ఆపేవారు కాదు. ఆమె చనిపోయిన భర్త అన్ననో తమ్ముణ్ణో చేసుకోవాలి. ఆమె ఎవరిని చేసుకోవాలో ఆ డబ్బే చెప్పినట్టు ఉండేది. ఇరవై ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న పిల్ల సంగతి ఆలోచించండి. 2017 నవంబరులో ప్రభుత్వం ఈ షరతును తీసేసింది. ఇప్పుడు ఆమె ఎవరిని పెళ్లి చేసుకున్నా ఆ డబ్బు బతికినంత కాలం ఆమెదే.

ఈ మార్పు వచ్చిందని తెలియని వాళ్లు ఇంకా ఉంటారు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పాలి.

పతకం రాని ఇండ్లు

పెద్ద పతకాలు కొద్ది మందికే వస్తాయి. సైన్యంలో చాలామంది పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు పని చేసి మామూలుగా ఇంటికి వస్తారు. మంచు కొండల మీద కాపలా కాస్తారు. వంట చేస్తారు, లారీ నడుపుతారు, గాయాలకు కట్లు కడతారు. ఆయన అక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ పొలం, పిల్లలు, అత్తమామలు భార్య మీదనే. వాళ్లింట్లో పతకం లేకపోయినా పింఛను కాగితం ఉంటుంది. ఆ కాగితం సంగతి తెలియకపోతే ఏమవుతుందో ఈ మాటల్లో చూడండి.

పెద్దమ్మ: టీచరమ్మా, మా ఆయన మిలిట్రీల చేసిండు. పోయి మూడు నెలలాయె. పింఛను ఆగిపోయింది. బ్యాంకుకు పోతే కాగితం తెమ్మంటున్నరు. ఏ కాగితమో నాకేం ఎరుక?

టీచరు: పెట్టెలో పాత కాగితాలు ఉన్నాయా, పెద్దమ్మా?

పెద్దమ్మ: ఉన్నయి. ఇగో, సంచిల కట్టి తెచ్చిన.

టీచరు: ఇది పి.పి.ఓ. పింఛను ఇవ్వమని చెప్పే ఉత్తర్వు. దీని మీద నంబరు ఉంది చూడండి. ఇది డిశ్చార్జి బుక్కు. ఇందులో పెదనాన్న గారి ఆర్మీ నంబరు ఉంది. భార్య పేరు దగ్గర ఏముందో మీరే చదవండి.

పెద్దమ్మ: ల... క్ష్మి. లక్ష్మి.

టీచరు: ఆధార్ కార్డులో?

పెద్దమ్మ: ల... క్ష్మ... మ్మ. లక్ష్మమ్మ. అయ్యో! రెండూ నేనే గద బిడ్డా!

టీచరు: మనకు తెలుసు. ఆఫీసుకు ఎట్ల తెలుస్తుంది? వాళ్లకు ఇద్దరు మనుషుల్లాగా కనబడుతుంది. పేరు సరిచేయించాలి. దానికి దారి ఉంది. భయపడకండి.

పెద్దమ్మ: ఆయన బతికున్నప్పుడే చూసుకుంటే ఇంత తిప్పలు లేకపోవు.

పెద్దమ్మ చెప్పిన చివరి మాటే ఈ పాఠంలో అసలు మాట. భర్త బతికి ఉన్నప్పుడే, ఇద్దరూ కూర్చుని కాగితాలు చూసుకోవాలి. అది అపశకునం అనుకోవద్దు. బియ్యం నిండుకోక ముందే డబ్బా చూసుకుంటాం కదా! ఇదీ అంతే.

ఏయే కాగితాలు చూసుకోవాలి?

1. డిశ్చార్జి బుక్కు. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇస్తారు. ఆర్మీ నంబరు, హోదా, దళం పేరు అందులో ఉంటాయి.

2. పి.పి.ఓ. భార్య పేరు, పుట్టిన తేదీ అందులో ఉన్నాయా? రిటైరు అయ్యాక పెళ్లి చేసుకుంటే భార్య పేరు విడిగా ఎక్కించాలి.

3. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం. అన్నిటిలో పేరు ఒకేలా ఉండాలి. ఒక అక్షరం తేడా ఉన్నా పని ఆగవచ్చు. పింఛను ఖాతాను భార్యాభర్తలు ఇద్దరి పేరు మీద పెట్టుకోవచ్చు.

4. పెళ్లి రుజువు, పిల్లల పుట్టిన తేదీ కాగితాలు.

5. భర్త చనిపోతే మరణ ధ్రువపత్రం. నాలుగైదు నకళ్లు తీసి పెట్టుకోండి. అసలు కాగితం ఎవరి చేతికీ వదలకండి.

ఎక్కడికి పోవాలి?

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోవాలి. మాజీ సైనికులకు, వారి భార్యలకు సాయం చేయడానికే ఆ ఆఫీసు ఉంది. భర్త చనిపోయిన ఆడవాళ్లకు గుర్తింపు కార్డు అక్కడ ఇస్తారు.

ప్రతి దళానికి ఒక రికార్డు ఆఫీసు ఉంటుంది. పేరు, పెళ్లి, పిల్లల వివరాలు అందులో ఉంటాయి. ఈ.ఎం.ఇ., ఏ.ఓ.సి. దళాల రికార్డు ఆఫీసులు మన సికింద్రాబాదులోనే ఉన్నాయి. ఫిరంగి దళం రికార్డు ఆఫీసు నాసిక్‌లో ఉంది. మద్రాస్ రెజిమెంటుది నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. భర్తది ఏ దళమో తెలిస్తేనే ఎక్కడికి రాయాలో తెలుస్తుంది.

ఇప్పుడు సైన్యం పింఛన్లు 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలో నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్నాయి. ఏడాదికి ఒకసారి 'నేను బతికే ఉన్నాను' అని రుజువు ఇవ్వాలి. చాలామంది నవంబరు నెలలో ఇస్తారు. వేలిముద్రతో కూడా ఇవ్వవచ్చు. ఇది ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. ఫోనులో వచ్చే నంబరు, అంటే ఓ.టి.పి., ఎవరు అడిగినా చెప్పకండి. పింఛను ఆఫీసు నుంచి అని చెప్పినా చెప్పకండి.

జబ్బు చేస్తే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉంది. దాన్ని ఇ.సి.హెచ్.ఎస్. అంటారు. 2003లో మొదలయింది. కార్డు ఉంటే సైనికుని భార్యకు కూడా వైద్యం చేస్తారు.

లెక్క చూద్దాం

రిటైరు అయిన సైనికుడు జబ్బుతో చనిపోతే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. సాధారణంగా అది చివరి జీతంలో నూటికి 30 రూపాయల చొప్పున ఉంటుంది. చివరి జీతం 40,000 అనుకుందాం. నూటికి 30 అంటే 12,000 రూపాయలు. దాని మీద కరువు భత్యం కలుపుతారు. యుద్ధంలో చనిపోయిన సైనికుని భార్యకు చివరి జీతం మొత్తం పింఛనుగా వస్తుంది. అంటే 40,000. దాన్ని ఉదార కుటుంబ పింఛను అంటారు.

బ్యాంకు పుస్తకంలో పడిన డబ్బును ఈ లెక్కతో పోల్చి చూసుకోండి. తక్కువ పడితే అడగండి. అడగడం తప్పు కాదు. ఇది ఎవరో దయతో ఇచ్చేది కాదు. ఆయన చేసిన కొలువుకు, మీరు మోసిన సంసారానికి వచ్చే హక్కు.

శాలువా కప్పిన రోజు అందరూ చప్పట్లు కొడతారు. మరునాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే పింఛను రావాలి. పింఛను రావాలంటే కాగితం సరిగ్గా ఉండాలి. కాగితం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇప్పుడు మీకు చదువు వచ్చింది.

కొత్త మాటలు

లష్కర్ – సైన్యం, సైన్యం దిగిన చోటు
బడాఖానా – సైన్యంలో అందరూ కలిసి తినే పెద్ద విందు
ప్రశంసా పత్రం – చేసిన మంచి పనిని రాసిన కాగితం
పి.పి.ఓ. – పింఛను ఇవ్వమని చెప్పే ఉత్తర్వు
నకలు – అసలు కాగితానికి తీసిన కాపీ

ఆలోచించి చెప్పండి

1. మాజీ సైనికుల దినం ఏ రోజు? ఆ రోజే ఎందుకు?
2. పరమ వీర చక్ర బొమ్మ గీసింది ఎవరు? దాని మీద ఏ ఆయుధం ఉంది?
3. పద్మపాణి ఆచార్య గారు ఉత్తరంలో భార్యకు ఏం చెప్పమన్నారు?
4. 2017లో ఏ షరతు తీసేశారు? అది మంచిదేనా? మీ గుంపులో మాట్లాడుకోండి.
5. చివరి జీతం 30,000 అయితే, నూటికి 30 చొప్పున కుటుంబ పింఛను ఎంత?

రాయండి

మీ ఇంట్లో సైనికులు లేకపోయినా ఈ పని చేయండి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకోండి. మూడింటిలో మీ పేరు ఎలా ఉందో చూసి, కింద ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఆధార్ కార్డులో నా పేరు: ....................
రేషన్ కార్డులో నా పేరు: ....................
బ్యాంకు పుస్తకంలో నా పేరు: ....................

మూడూ ఒకేలా ఉన్నాయా? లేకపోతే రేపు తరగతికి మూడూ తీసుకుని రండి.